మగవాటికే పురుగులెక్కువా? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

మందులకు లొంగని నట్టల గురించి, అంటే పశువుల కడుపులో బతికే పురుగుల గురించి, పోయిన సంచికలో రాస్తూ, మధ్యలో ఒక వాక్యం అన్నాను: పాలిచ్చి పెంచే జంతువుల్లో చాలాచోట్ల మగవాటి కడుపులోనే నట్టలు, మగవాటి ఒంటిమీదే పిడుదులు ఎక్కువగా కనిపిస్తాయి అని. వ్యాసం గురించి కంటే ఆ ఒక్క వాక్యం గురించే ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. కొందరు ఒప్పుకోలేదు, కొందరు తమ మందల్లో చూసింది రాశారు, కొందరు కారణం అడిగారు. పశువైద్య కళాశాలలో పరాన్నజీవుల పాఠం చెప్పినన్నాళ్లూ నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రశ్న ఇదే. అందుకని ఈసారి శీర్షిక మొత్తం దీనికే ఇస్తున్నాను.

ప్రశ్న: మేడం, మగ హార్మోను టెస్టోస్టెరాన్ రోగనిరోధక శక్తిని తగ్గిస్తుంది కాబట్టి మగవాటికి పరాన్నజీవులు ఎక్కువని మా లెక్చరర్ చెప్పారు. కారణం అంతేనా? (డిగ్రీ జువాలజీ విద్యార్థి)

మీ లెక్చరర్ చెప్పింది నిజమే, కానీ అది కారణాల్లో ఒకటి మాత్రమే. మిగతావి వదిలేస్తే విషయం సగం కూడా అర్థం కాదు.

ముందు అసలు తేడా ఉందా లేదా చూద్దాం. 1996లో న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త రాబర్ట్ పౌలిన్, అప్పటిదాకా అచ్చయిన పరిశోధనల్ని పోగేసి, కడుపులో పురుగులు ఆడవాటికి ఎక్కువా మగవాటికి ఎక్కువా అని లెక్క తీశారు. మొగ్గు మగవైపే ఉంది, కానీ చిన్న మొగ్గు. 2002లో శారా మూర్, కెన్నెత్ విల్సన్ అడవి క్షీరదాల మీద ఇలాంటి లెక్కే వేసి సైన్స్ పత్రికలో ప్రచురించారు. వాళ్లు బయటపెట్టిన సంగతి నాకు చాలా విలువైనదిగా అనిపిస్తుంది. ఆడవాటి కోసం మగవి గట్టిగా పోటీపడే జాతుల్లో, మగది ఆడదానికంటే బాగా పెద్దగా ఉండే జాతుల్లో ఈ తేడా ఎక్కువ. ఆడదే పెద్దగా ఉండే జాతుల్లో మొగ్గు ఆడవైపు తిరుగుతుంది. అంటే మగతనం ఒక్కటే కారణం కాదు, ఆ జాతిలో మగది ఎలా బతుకుతుందన్నది కూడా చూడాలి.

పెద్ద ఒళ్లుంటే పిడుదు పట్టుకోవడానికి చోటు ఎక్కువ. ఎక్కువ మేస్తే గడ్డితోపాటు లోపలికి పోయే నట్టల లార్వాలూ ఎక్కువే. జత కోసం ఎక్కువ దూరం తిరిగే మగది ఎక్కువ పొదలకు రాసుకుంటుంది, ఎక్కువ జంతువుల్ని కలుస్తుంది. ఇవేవీ రోగనిరోధక శక్తికి సంబంధించినవి కావు.

ఇంకోటి, ఒళ్లు శుభ్రం చేసుకోవడం. దీన్ని చాలామంది మరిచిపోతారు. ఆఫ్రికాలోని ఇంపాలా జింకల్ని మైఖేల్ మూరింగ్, బెంజమిన్ హార్ట్ గమనించారు. ఇంపాలా తన పళ్లతో, నాలుకతో వెంట్రుకల్ని దువ్వుకుని పిడుదుల్ని తీసేసుకుంటుంది. తన జాగాను కాపలా కాసే మగ ఇంపాలాకు మాత్రం ఆ తీరిక ఉండదు. పక్క మగదాన్ని తరమాలి, ఆడవాటిని మందలో నిలబెట్టుకోవాలి. అందుకే అది ఆడ ఇంపాలా కంటే చాలా తక్కువగా దువ్వుకుంటుంది, దాని ఒంటిమీద పిడుదులు ఎన్నో రెట్లు ఎక్కువ. ఇక్కడ మళ్లీ హార్మోను దగ్గరికి వస్తాం. ఇదే బృందం మేకపోతుల మీద చేసిన ప్రయోగంలో విత్తులు కొట్టిన పోతులు మామూలు పోతుల కంటే ఎక్కువగా దువ్వుకున్నాయి. అంటే టెస్టోస్టెరాన్ రక్తంలోని రక్షణ కణాల జోలికి పోకుండానే, ప్రవర్తనను మార్చి కూడా పిడుదుల్ని పెంచగలదు.

రోగనిరోధక శక్తి మీద సూటిగా పడే దెబ్బకూ సాక్ష్యాలున్నాయి. 2001లో శారా రాండాల్ఫ్, వి.ఎల్. హ్యూస్ అడవి ఎలుకల జాతులకు టెస్టోస్టెరాన్ ఇచ్చి చూస్తే, పిడుదుల్ని ఎదుర్కొనే శక్తి తగ్గింది. స్కాట్లండ్ రెడ్ గ్రౌజ్ పక్షుల్లో మగవాటికి ఈ హార్మోను ఇస్తే పేగుల్లో నట్టలు పెరిగాయి. ఉగాండాలోని కిబాలే అడవిలో టెస్టోస్టెరాన్ ఎక్కువున్న మగ చింపాంజీల పేడలో ఎక్కువ రకాల పేగు పరాన్నజీవులు కనిపించాయి.

అయినా జాగ్రత్తగా ఉండమనే చెబుతాను. ఇవార్ ఫోల్‌స్టాడ్, ఆండ్రూ కార్టర్ 1992లో ఒక సిద్ధాంతం ముందుకు తెచ్చారు: టెస్టోస్టెరాన్ మగదానికి కొమ్ములు, రంగులు, ఉషారు ఇస్తుంది, అందుకు బదులుగా రోగనిరోధక శక్తిని తీసుకుంటుంది అని. వినడానికి ఎంతో చక్కగా ఉంటుంది కాబట్టి పాఠ్యపుస్తకాల్లోకి వెంటనే ఎక్కింది. 2004లో మార్క్ రాబర్ట్స్, కేథరిన్ బుకానన్, మాథ్యూ ఎవాన్స్ అప్పటిదాకా జరిగిన ప్రయోగాలన్నిటినీ కలిపి చూస్తే సాక్ష్యం అనుకున్నంత గట్టిగా లేదు. మీరు పరీక్షలో టెస్టోస్టెరాన్ అని రాయండి, మార్కులు వస్తాయి. దాని పక్కనే ఒంటి సైజు, తిరుగుడు, శుభ్రత, ఆకలి కూడా రాయండి.

ఆకలి అని ఎందుకన్నానంటే, స్కాట్లండ్‌కు పడమర సముద్రంలో సెయింట్ కిల్డా దీవులున్నాయి. వాటిలో హిర్టా అనే దీవిలో సోయ్ జాతి గొర్రెలు కాపరి లేకుండా బతుకుతున్నాయి. 1932లో 107 గొర్రెల్ని పక్కనున్న సోయ్ దీవి నుంచి తెచ్చి వదిలారు. 1985 నుంచి శాస్త్రవేత్తలు ఏటా విడవకుండా వాటిని లెక్కిస్తున్నారు. జతకట్టే కాలంలో పొట్టేళ్లు మేత దాదాపు మానేసి పోట్లాటల్లో, వెంటపడటంలో ఉంటాయి. ఒంట్లో కొవ్వు కరిగి చలికాలంలో అడుగుపెడతాయి. గడ్డి కరువైన చలికాలాల్లో ముందుగా చచ్చేది అవే. చిన్నప్పుడే విత్తులు కొట్టి వదిలిన పొట్టేళ్లు మాత్రం ఈ పోటీలో దిగలేదు, మామూలు పొట్టేళ్ల కంటే చాలా ఎక్కువకాలం బతికాయి. ఆకలితో ఉన్న ఒళ్లు నట్టలతో పోరాడలేదు. అది ఆడదైనా మగదైనా ఒకటే.

ప్రశ్న: మేడం గారూ, మా మందలో పేడ పరీక్ష చేయిస్తే, ఈనిన గొర్రెల్లోనే నట్టల గుడ్లు విపరీతంగా ఉన్నాయన్నారు. పొట్టేళ్లలో అంత లేవు. మీరు రాసింది మా దగ్గర తిరగబడింది. (గొర్రెల పెంపకందారు)

తిరగబడలేదండీ. మీ డాక్టరు గారు చూసిందీ నిజమే, నేను రాసిందీ నిజమే. పొట్టేలు పిల్లల్ని, ఆడ గొర్రెపిల్లల్ని ఒకే వయసులో పోల్చండి, పొట్టేలు పిల్లల్లో నట్టలు ఎక్కువ కనిపించే అవకాశం ఉంది. ఈనిన గొర్రె లెక్క వేరు. పశువుల్లో ఆడ మగ తేడా గురించి, చూడి గురించి ఇయాన్ బార్గర్ 1993లో రాసిన సమీక్షలో ఈ రెండు సంగతులూ పక్కపక్కనే ఉంటాయి.

గొర్రె ఈనడానికి రెండు వారాల ముందు నుంచీ, ఈనిన తర్వాత ఆరు నుంచి ఎనిమిది వారాల వరకూ దాని రోగనిరోధక శక్తి నట్టల విషయంలో సడలిపోతుంది. అప్పటిదాకా కడుపు గోడలో కదలకుండా పడున్న లార్వాలు లేచి పెద్దవవుతాయి, ఉన్న నట్టలు ఎక్కువ గుడ్లు పెడతాయి, కొత్తవి సులువుగా నిలదొక్కుకుంటాయి. రక్తం పీల్చే హీమాంకస్ జాతి ఆడ నట్ట ఒక్కటే రోజుకు 5,000 పైగా గుడ్లు పెట్టగలదు. ఆ గుడ్లన్నీ గడ్డి మీద పడే వేళకు, జన్మలో ఎప్పుడూ నట్టల్ని ఎరగని పిల్లలు గడ్డి కొరకడం మొదలుపెడతాయి. నట్ట వైపు నుంచి చూస్తే ఇంతకన్నా మంచి సమయం లేదు.

గొర్రె ఒళ్లు ఎందుకిలా సడలిపోతుందంటే, హార్మోన్ల పాత్ర కొంత ఉంది. అంతకంటే గట్టిగా రుజువైంది ప్రోటీన్ చాలకపోవడం. కడుపులో పిల్ల, తర్వాత పాలు, ఈ రెండూ ప్రోటీన్‌ను లాగేస్తాయి, రక్షణకు మిగలదు. కవలల్ని మోస్తున్న గొర్రెల్లో గుడ్ల సంఖ్య ఇంకా పెరుగుతుంది. జోస్ హౌడైక్, ఆయన తోటివాళ్లు చేసిన ప్రయోగాల్లో ఈనే ముందు ప్రోటీన్ బాగా ఉన్న దాణా పెట్టిన గొర్రెల్లో ఈ పెరుగుదల తగ్గింది. కాబట్టి మీరు మందు ఒక్కదాని మీదే ఆధారపడకండి. చూడి చివరి వారాల్లో దాణా పెంచండి. మందు ఎప్పుడు, ఏది వేయాలన్నది మీ డాక్టరు గారు పేడ లెక్క చూసి చెప్పాలి. మందలో అన్నిటికీ ఒకేసారి వేసే అలవాటు వల్లే మందులకు లొంగని నట్టలు పుట్టుకొస్తున్నాయి, పోయిన సంచికలో నా బాధంతా అదే.

ఇంతకంటే విచిత్రమైనవి కుక్కల్లో, గేదెల్లో ఉన్నాయి. టాక్సోకారా కేనిస్ అనే ఏలికపాము లార్వాలు పెద్ద కుక్క కండరాల్లో, ఇతర భాగాల్లో నెలల తరబడి నిద్రపోతున్నట్టు పడుంటాయి. ఆడకుక్క చూడితో ఉన్నప్పుడు, సుమారు 42వ రోజు తర్వాత అవి లేస్తాయి. మాయ దాటి కడుపులోని పిల్లల్లోకి వెళతాయి. కుక్కపిల్ల పుట్టేటప్పటికే ఏలికపాముతో పుడుతుంది. అవే లార్వాలు మగకుక్క ఒంట్లో ఉంటే వాటికి చూడి రోజు ఎప్పటికీ రాదు. గేదెల్లో టాక్సోకారా విటులోరమ్ తల్లి పాలలోంచి దూడలోకి దిగుతుంది, అందుకే దూడకు రెండో వారంలోనే మందు వేయమని చెబుతాం. దూడ నీరసించి, మట్టిరంగు పారుడు మొదలయ్యాక వేస్తే ఆలస్యం. ఈ రెండు పురుగులూ తరం నుంచి తరానికి దాటే దారి తల్లి ఒళ్లే.

ప్రశ్న: ఆడపిల్లల తలలోనే పేలెక్కువ. ఇది కూడా హార్మోన్ల వల్లేనా? (గృహిణి)

కాదమ్మా. పేను ఎగరలేదు, గెంతలేదు, ఒక తల ఇంకో తలకు తగిలితే పాకుతుంది. ఆడపిల్లలు తలలు దగ్గర పెట్టుకుని కూర్చుని ఆడుకోవడం, మాట్లాడుకోవడం ఎక్కువ. మీ పాపకు పేలు పట్టాయని మనసు కష్టపెట్టుకోకండి, శుభ్రత లేదని ఎవరైనా అంటే నమ్మకండి. సన్నపళ్ల దువ్వెనతో తడి జుట్టును ఓపిగ్గా దువ్వండి, ఇంట్లో అందరి తలలూ ఒకే రోజు చూడండి.

ప్రశ్న: తేనెటీగల పెట్టెల్లో మగ ఈగల గదుల్లోనే, ఈగల్ని పట్టి పీల్చే వర్రోవా అనే చిన్న పరాన్నజీవి ఎక్కువ ఉంటోంది. తేనెటీగలకు టెస్టోస్టెరాన్ లేదు కదా! (తేనెటీగల పెంపకందారు)

ఈ ఉత్తరం చదివి ఎంతో సంతోషించాను. పురుగు జాతుల్లో టెస్టోస్టెరాన్ లేదు, మొత్తంగా చూస్తే మగవైపు మొగ్గూ లేదు. 2000లో పౌలిన్, జుక్ వాళ్ల తోటివాళ్లతో కలిసి కీటకాల్లాంటి కీళ్లకాళ్ల జీవుల లెక్క తీసి ఇదే చెప్పారు. మరి వర్రోవా మగ ఈగలనే ఎందుకు పట్టుకుంటుంది? వాటి పెరుగుదలకు పట్టే కాలం కోసం.

పట్టులో పనులన్నీ చేసే ఆడ ఈగను కూలి ఈగ అంటాం. గుడ్డు పెట్టిన దగ్గర్నుంచి కూలి ఈగ గదిలోంచి బయటికి రావడానికి 21 రోజులు, మగ ఈగకు 24. పిల్ల ఉన్న గదికి మైనంతో మూత పడ్డాక కూలి ఈగ లోపల ఉండేది సుమారు 12 రోజులు, మగ ఈగ అంతకన్నా రెండు మూడు రోజులు ఎక్కువ. తల్లి వర్రోవా మూత పడకముందే గదిలో దూరి, పిల్ల కోసం పెట్టిన మేత అడుగున దాక్కుంటుంది. మూత పడిన రెండున్నర రోజులకు తొలి గుడ్డు పెడుతుంది, అందులోంచి మగ వర్రోవా వస్తుంది. తర్వాత సుమారు 30 గంటలకొకటి చొప్పున పెట్టే గుడ్లలో ఆడవి వస్తాయి. ఆ కూతుళ్లు మూత తెరుచుకునేలోగా పెద్దవై, లోపలే అన్నతో జతకట్టాలి. పెద్దవి కానివి ఈగ బయటికి రాగానే చచ్చిపోతాయి. అందుకే కూలి ఈగ గదిలోంచి ఒక్కో తల్లికి దక్కే కూతుళ్లు సగటున ఒకటీ ఒకటిన్నర మధ్య. మగ ఈగ గదిలో ఆ రెండు మూడు రోజులు అదనంగా దొరకడంతో రెండు దాటతాయి. అంత తేడా ఉంటే మగ గదిని వెతుక్కునే వర్రోవాలే నిలుస్తాయి. నిజానికి మీ పెట్టెల్లో కూలి గదుల కంటే మగ గదులు 8 నుంచి 10 రెట్లు ఎక్కువగా సోకి ఉంటాయి. మగ పిల్లల్ని పెంచే కూలి ఈగలు మేత పెట్టడానికి ఎక్కువసార్లు వస్తాయి, మూత పడే ముందు వర్రోవా దూరడానికి వీలున్న సమయం కూడా మగ గదికే ఎక్కువ. ఇవీ తోడవుతాయి.

వర్రోవా అసలు ఇల్లు ఆసియా తేనెటీగ, ఏపిస్ సెరానా. ఆ పట్టుల్లో అది ప్రధానంగా మగ పిల్లల గదుల్లోనే పిల్లల్ని కంటుంది. ఎక్కువ వర్రోవాలు పట్టిన మగ పిల్ల బలహీనపడి మూత తెరుచుకుని రాలేదు, కూలి ఈగలూ ఆ మూత తీయవు, పిల్లతోపాటు వర్రోవాలు కూడా లోపలే సమాధి అవుతాయి. ఆ పట్టు కొన్ని మగ ఈగల్ని పోగొట్టుకుని మిగతాదంతా నిలబెట్టుకుంటుంది. యూరప్ తేనెటీగ, ఏపిస్ మెల్లిఫెరా మీదికి దూకిన వర్రోవా మాత్రం కూలి గదుల్లో కూడా పెరగగలుగుతోంది. పట్టులు చచ్చిపోవడం అక్కడే మొదలైంది.

మీకు పనికొచ్చే మాట ఒకటి. పెట్టెలో మగ గదుల చట్రం ఒకటి పెట్టండి, వర్రోవాలు అందులో చేరతాయి. మూతలు పడ్డాక, మగ ఈగలు రాకముందే, ఆ చట్రాన్ని తీసేసి నాశనం చేయండి. తేదీ తప్పక రాసిపెట్టుకోండి. ఒక్క వారం మరిచిపోతే మీరు తగ్గించాలనుకున్న వర్రోవాల్ని మీరే పెంచినట్టవుతుంది.

ప్రశ్న: తాను పట్టుకున్నది ఆడదో మగదో పరాన్నజీవికి తెలుస్తుందా? (ఇంటర్ విద్యార్థిని)

కొన్నిటికి తెలుస్తుంది తల్లీ. ఎంత బాగా తెలుస్తుందో చెప్పడానికి మిరియం రాత్స్‌చైల్డ్ గురించి చెప్పాలి. 1908లో ఇంగ్లండ్‌లో పుట్టారు, 2005 వరకూ బతికారు. కాలేజీ డిగ్రీ చదవలేదు. ప్లేగును మోసే ఎలుక ఫ్లీకి శాస్త్రీయ వర్ణన రాసింది ఆమె తండ్రి చార్లెస్ రాత్స్‌చైల్డ్. ఫ్లీ అంటే రెక్కల్లేని, గెంతే, రక్తం తాగే చిన్న పురుగు. తండ్రి వదిలిన ఫ్లీల పనిని ఆమె దశాబ్దాలు కొనసాగించారు.

కుందేలు ఫ్లీ మగ కుందేలు మీదా ఆడ కుందేలు మీదా రక్తం తాగుతుంది. కానీ ఎంత తాగినా దాని అండాలు పక్వానికి రావు. 1960లలో రాత్స్‌చైల్డ్, బాబ్ ఫోర్డ్ కనుగొన్నది ఏమిటంటే, చూడి కుందేలు మీద ఉన్న ఆడ ఫ్లీకి మాత్రమే, అదీ చూడి చివరి పది రోజుల్లో, అండాలు ఎదుగుతాయి. కుందేలు చూడి నెల రోజులే. చివర్లో కుందేలు రక్తంలో పెరిగే కార్టిసాల్ లాంటి హార్మోన్లే ఫ్లీకి సంకేతం. అవే హార్మోన్లు ఇంజెక్షన్ చేస్తే మామూలు కుందేలు మీద కూడా ఫ్లీల అండాలు ఎదిగాయి. కుందేలు ఈనగానే చెవుల్ని పట్టుకుని ఉన్న ఫ్లీలు వదిలి, తల్లి పిల్లల్ని నాకుతూ ఉండగా పిల్లల మీదికి దిగుతాయి. అక్కడే రక్తం తాగి, జతకట్టి, గూట్లో గుడ్లు పెడతాయి. కొద్ది రోజులకు మళ్లీ తల్లి మీదికి ఎక్కుతాయి, వాటి అండాశయాలు ముడుచుకుపోతాయి. ఫ్లీ పిల్లలకు గూడు కావాలి, వెచ్చదనం కావాలి, పెద్ద ఫ్లీలు విసర్జించే ఎండు రక్తం మేతగా కావాలి. ఈ మూడూ ఒకచోట దొరికేది కుందేలు ఈనిన గూట్లోనే. తాను కనే వేళను ఇంకో జీవి రక్తంలోంచి చదువుకునే పురుగు అది. ఈ పాఠం చెప్పిన ప్రతిసారీ తరగతి నిశ్శబ్దమయ్యేది.

గబ్బిలాల మీద ఇంకో ప్రయోగం ఉంది. నీటి దగ్గర వేటాడే డాబెంటన్ గబ్బిలాల్లో ఆడవి పిల్లల్ని కనే కాలంలో గుంపుగా ఒకేచోట వేలాడతాయి, మగవి చాలావరకు విడిగా ఉంటాయి. రెక్కల మీద బతికే నల్లులు (మంచాల్లోని నల్లులు కావు, పిడుదులకు దగ్గరి చుట్టాలైన మైట్లు) ఆడవాటి మీదే ఎక్కువ. గుంపు వల్లే అనుకోవచ్చు. ఫిలిప్ క్రిస్ట్, ఆయన తోటివాళ్లు 2007లో ప్రచురించిన ప్రయోగంలో ఆడ గబ్బిలాన్నీ మగ గబ్బిలాన్నీ నల్లుల ముందు పెడితే అవి ఆడదాన్నే ఎంచుకున్నాయి, ఆడదాని మీద ఎక్కువకాలం బతికాయి కూడా. ఏ వాసన, ఏ వెచ్చదనం చూసి ఎంచుకుంటాయన్నది నీలాంటివాళ్లు పెద్ద చదువులకు వెళ్లాక తేల్చాల్సిన పని.

ప్రశ్న: పరాన్నజీవి తన ఆతిథేయి లింగాన్నే మార్చేస్తుందని ఎక్కడో చదివాను. నిజమా, కట్టుకథా? (ఉపాధ్యాయుడు)

నిజమే సార్. పీతల్లో సాక్యులినా అనే పరాన్నజీవి ఉంది, పడవల అడుగున అంటుకునే బార్నకిల్ కుటుంబానికి చెందింది. పీత ఒంట్లో వేర్లలా పాకి, చివరికి ఆడ పీత గుడ్లు మోసే చోట, పొట్ట మడత కింద, సంచిలా బయటికి వస్తుంది. మగ పీతకు సోకితే దాని సన్నటి పొట్ట మడత ఆడ పీతకున్నట్టు వెడల్పవుతుంది. ఆ సంచిని తన గుడ్లే అన్నట్టు శుభ్రం చేస్తుంది, పరాన్నజీవి పిల్లలు విడుదలయ్యే వేళకు నీళ్లు కదిపి వాటిని వదులుతుంది. ఫ్రెంచి శాస్త్రవేత్త అల్ఫ్రెడ్ జియార్ 1880లలోనే ఈ మార్పును వర్ణించారు.

వోల్బాకియా అనే బాక్టీరియా ఇంకో దారి పట్టింది. అది కీటకాల కణాల్లోపల ఉంటుంది, గుడ్డు ద్వారానే తర్వాతి తరానికి పోతుంది. వీర్యకణంలో దానికి చోటు లేదు కాబట్టి మగ పురుగులో ఉన్న వోల్బాకియాకు వారసులుండరు. అందుకే కొన్ని జాతుల్లో మగ పిండాల్ని చంపేస్తుంది, రోకలిబండల్లా చుట్టుకునే ఆర్మడిల్లిడియం అనే చిన్న జీవుల్లో జన్యువుల లెక్కన మగదాన్ని ఆడదిగా మార్చేస్తుంది. సమోవా దీవుల్లో హైపోలిమ్నాస్ బోలినా సీతాకోకచిలుకల్లో ఈ మగ పిండాల చావు వల్ల 2001లో మగవి నూటికి ఒకటి మాత్రమే మిగిలాయి. ఐదేళ్లు గడిచేసరికి మగవి దాదాపు 40 శాతానికి చేరాయి. బాక్టీరియా పోలేదు, దాన్ని అణిచే జన్యువు సీతాకోకచిలుకల్లో పాకిపోయింది. సిల్వేన్ షార్లా, ఆయన తోటివాళ్లు 2007లో ఇది ప్రకటించారు. కళ్లముందు జరిగిన పరిణామానికి ఇంత వేగమైన ఉదాహరణలు చాలా తక్కువ, పిల్లలకు తప్పకుండా చెప్పండి.

క్షీరదాల్లో కూడా దీనికి దగ్గరైనది ఒకటుంది. టీనియా క్రాసిసెప్స్ అనే బద్దెపురుగు తిత్తులు ఆడ చిట్టెలుకల్లో మగవాటికంటే బాగా పెరుగుతాయి. మెక్సికోలో కార్లోస్ లారాల్డే, ఆయన తోటివాళ్లు సోకిన మగ చిట్టెలుకల రక్తం చూస్తే, కొన్నాళ్లకు ఆడ హార్మోను ఎస్ట్రాడయాల్ సుమారు 200 రెట్లు పెరిగింది, టెస్టోస్టెరాన్ 90 శాతం పడిపోయింది. ఆ తర్వాత తిత్తులు మగవాటిలో కూడా వేగంగా పెరిగాయి.

ప్రశ్న: ఇవన్నీ వినడానికి బాగున్నాయి. మనుషులకు, పశువులకు దీనివల్ల ఉపయోగమేమిటి? (విశ్రాంత ఉద్యోగి)

చాలా ఉందండీ. ఎంటమీబా హిస్టోలిటికా అనే అమీబా పేగుల్లో చేరడం ఆడవాళ్లకూ మగవాళ్లకూ ఇంచుమించు సమానమే. అది కాలేయానికి పాకి చీముగడ్డ కట్టడం మాత్రం పెద్దవయసు మగవాళ్లలో 10 రెట్ల దాకా ఎక్కువ. మలేరియాలో ఇంకో తీరు. గాంబియాలో 2000లో ప్రచురించిన అధ్యయనంలో గర్భిణులకు రెట్టింపు దోమలు ఆకర్షితమయ్యాయి. వాళ్లు 21 శాతం ఎక్కువ గాలి వదులుతున్నారు, పొట్ట చర్మం 0.7 డిగ్రీలు వెచ్చగా ఉంది. ఆపైన మలేరియా తెచ్చే ఫాల్సిపారం పరాన్నజీవి సోకిన ఎర్రకణాలు మాయకు అతుక్కునే గుణం తెచ్చుకుంటాయి. తొలి గర్భంలో ఒంటికి దాన్ని ఎదుర్కొనే ప్రతిరక్షకాలు ఉండవు కాబట్టి తొలి కాన్పుకే ముప్పు ఎక్కువ. ఎవరిని ముందు కాపాడాలో ఇలాంటి తేడాలే చెబుతాయి.

పశువుల వైపు, ఉత్తర ఇటలీలో పసుపు మెడ ఎలుకల మీద నికోలా ఫెరారీ, ఆయన తోటివాళ్లు చేసిన ప్రయోగం నాకు కళ్లు తెరిపించింది. కొన్ని చోట్ల మగ ఎలుకలకు మాత్రమే నట్టల మందు వేశారు, కొన్ని చోట్ల ఆడవాటికి మాత్రమే. మగవాటికి వేసిన చోట మందు వేయని ఆడవాటిలో కూడా నట్టల గుడ్లు తగ్గాయి. ఆడవాటికి వేసిన చోట మగవాటిలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. అంటే ఆ అడవిలో నట్టల్ని ఊరంతా పంచుతున్నది మగవి. మీ గొర్రెల మందలో పంచుతున్నది ఈనిన తల్లులు కావచ్చు. మందు ఎవరికి వేయాలన్నది దీన్నిబట్టి మారుతుంది, మందు ఆదా అవుతుంది, నట్టలు మొండికెత్తడం ఆలస్యమవుతుంది.

లెక్కలో పొరపాటు జరిగే చోటు కూడా చెప్పాలి. మగ ఎలుకలు ఎక్కువ తిరుగుతాయి కాబట్టి బోనులో ఎక్కువ పడతాయి. మందలో పొట్టేళ్లు కొద్దిగా, గొర్రెలు ఎక్కువగా ఉంటాయి. ఏ జంతువు నుంచి నమూనా వచ్చిందో రాయకుండా సగటు తీస్తే, ఈ తేడా అంతా అందులో మునిగిపోతుంది. నా ల్యాబుకు వచ్చిన సీసాల మీద "గొర్రె పేడ" అని తప్ప ఇంకేమీ లేని రోజులు ఎన్నో. మైక్రోస్కోపు కింద గుడ్లు లెక్కపెట్టి, ఆ అంకెకు అర్థం చెప్పలేక నేను పడ్డ బాధ మీరు పడకూడదని అడుగుతున్నాను. పేడ నేల మీద పడ్డది కాకుండా తాజాగా తీయండి, చిన్న సీసా నిండా నింపి గట్టిగా మూత పెట్టండి, ఎండ తగలకుండా చల్లగా ఉంచి అదే రోజు పంపండి. సీసా మీద జంతువు వయసు, ఆడా మగా, విత్తులు కొట్టినదా, చూడిదైతే ఎన్నో నెల, చివరిసారి మందు వేసిన తేదీ రాయండి. పాలిచ్చే గొర్రె అయితే ఈని ఎన్ని వారాలైందో కూడా రాయండి, రెండో వారానికీ పన్నెండో వారానికీ అదే గొర్రెలో లెక్క వేరుగా వస్తుంది.